జూదపు రాబడియు బడిపిల్లల చదువును

లోకమున మంచి పనులకు ధనము చాలకుండుట క్రొత్త సంగతి కాదు. చెఱువు త్రవ్వింపవలెనన్నను, ఆసుపత్రి కట్టవలెనన్నను, బడి పెట్టవలెనన్నను పూనుకొన్నవారు మొదట చేతులు చాచుటయు, పిమ్మట లెక్కలు చూచుకొని నిట్టూర్చుటయు నెల్లకాలములను గలదు. అట్టి యిబ్బందిలో సులభమైన దారి యొకటి కనబడినప్పుడు, అది యెట్టి దారి యని విచారించుటకు మనస్సొప్పదు. చేరవలసిన చోటు మంచిదైనప్పుడు దారినిగూర్చి తర్కమెందులకని తోచును. కాని ధర్మవిచారము చేయువారు ధనమెచ్చటికి పోవుచున్నదని యడిగి యూరకుండరాదు. ఎచ్చటినుండి వచ్చుచున్నదనియు నడుగవలెను. ప్రభుత్వము తానే జూదము నడపి, దానివలన వచ్చిన లాభముతో ప్రజల పిల్లలకు చదువు చెప్పించుట తగునా యనునదియే మన ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్న పండితుల యూహలో పుట్టినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నిది యఱువది యేండ్లకు పైగా నడచుచున్న వ్యవహారము. నిజమునకు దాని మూలము లింకను ప్రాచీనములు. 18వ శతాబ్దమున హార్వర్డు, యేలు, కొలంబియా విద్యాలయములే లాటరీల సొమ్ము వాడుకొన్నవి. పన్నులు వసూలు చేయు యంత్రాంగము బలహీనముగాను, బ్యాంకులు అరుదుగాను ఉన్న యాకాలమున నది యంత వింతగా తోపలేదు. 19వ శతాబ్దమున నీ పద్ధతి యెట్టి గతికి వచ్చెనో లూసియానా చరిత్ర చెప్పుచున్నది. 1868లో నా రాష్ట్రము ఒక కంపెనీకి లాటరీ నడపు గుత్తహక్కు నిచ్చి, ప్రతిఫలముగా ఏటేట 40,000 డాలర్లు న్యూ ఆర్లియన్సు నగరములోని ధర్మాసుపత్రికి చెల్లింపవలెనని కట్టడి చేసెను. కంపెనీ దేశమంతట టపా ద్వారా చీటీలమ్మి దానికి అనేక రెట్లు గడించెను. ఆసుపత్రి పేరు ముందుంచుకొని శాసనసభ్యులను కొనుచున్నదను నపకీర్తి దేశమెల్ల వ్యాపించెను. తుదకు 1890లో లాటరీ చీటీలు టపాలో పోరాదనియు, 1895లో నొక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు పోరాదనియు శాసనములు పుట్టెను. ఆ శతాబ్దము ముగియునప్పటికి చట్టబద్ధమైన లాటరీ యా దేశమున నడుగంటెను.

దానికి మరల ప్రాణము పోసినది బడి పేరు. న్యూ హాంప్‌షైరు అను చిన్న రాష్ట్రమున సాధారణ విక్రయపు పన్ను లేదు. జీతములపై పన్నును లేదు. చదువులకు సొమ్ము కావలెను, క్రొత్త పన్ను మాత్రము వలదని ప్రజల పట్టుదల. ఈ రెంటిని సమన్వయపఱచుటకై 1963లో నచ్చటి శాసనసభ లాటరీ శాసనమును చేయగా గవర్నరు జాన్ కింగు సంతకము చేసెను. 1964లో గుఱ్ఱపు పందెముతో ముడివెట్టిన మొదటి లాటరీ నడచెను. న్యూయార్కు 1967లో విద్య పేరుననే యారంభించెను. ఫ్లోరిడాలో 1986లో ప్రజలు సమ్మతింపగా 1988లో చీటీల యమ్మకము మొదలయ్యెను. జార్జియాలో 1992లో ప్రజాభిప్రాయము తీసికొని 1993లో నారంభించిరి. నేడు 50 రాష్ట్రములలో లాటరీ లేనివి అలబామా, అలాస్కా, హవాయి, నెవాడా, యూటా యను నైదు మాత్రమే. చాలచోట్ల నీ వ్యాపారమునకు ముందుగోడపై వ్రాసిన పేరు విద్యయే.

ఇట్లు వాదించువారు తెలివితక్కువవారు కారు, దుర్మార్గులును కారు. వారి వాదము మూడు విధములుగా నున్నది. మనుష్యుడున్నంతకాలము జూదమాడును, కావున నా లాభము దొంగచాటు పందెగాని సంచిలో పడుటకంటె పిల్లవాని పలకకు పోవుట మేలు కదా యనునది మొదటిది. పన్ను బలవంతమున గుంజునది, చీటి యిష్టపడి కొనునది. ఇష్టపడి యిచ్చిన సొమ్మునందు తప్పేమి యనునది రెండవది. ఫలము కన్నులయెదుట నున్నది యనునది మూడవది. మూడింటిలో నీ కడపటిది గట్టిది. జార్జియా రాష్ట్రములో లాటరీ సొమ్ముతో గవర్నరు జెల్ మిల్లరు స్థాపించిన హోపు విద్యార్థివేతనము 20 లక్షలమందికి పైబడిన విద్యార్థులకు కళాశాల చదువులో నాసరా యయ్యెను. వారిలో ననేకులు తమ వంశమున మొట్టమొదట కళాశాల గడప త్రొక్కినవారు. ఇది యబద్ధమని యెవరును చెప్పజాలరు. ఈ మేలును లెక్కలో వేసికొనక చేసిన విచారము న్యాయవిచారము కాదు.

అయినను న్యాయస్థానములో జమ యొక్కటియే చూపిన లెక్క చెల్లదు, ఖర్చును చూపవలెను. ఈ వేతనము పొందువారెవరు? చీటీలు కొనువారెవరు? హోపు వేతనము మొదటి యేట 1993లో సంవత్సరాదాయము 66,000 డాలర్లు మించని కుటుంబములకు మాత్రమే వర్తించెను. మఱుసటి యేట నా మితిని 1,00,000 డాలర్లకు పెంచిరి. 1995లో మితిని పూర్తిగా తొలగించిరి. అప్పటినుండి బడిలో మంచి మార్కులు వచ్చినవారందఱును, ఎంత సంపన్నులైనను, దీనికి పాత్రులైరి. మంచి మార్కులు ఏ యిండ్లలో నెక్కువగా వచ్చునో మనకు తెలియనిది కాదు. పుస్తకములున్న యింట, చదువుకొన్న తల్లిదండ్రులున్న యింట, పిల్లవానిని పనికి పంపనక్కఱలేని యింట. చీటీల సంగతి యిందుకు విరుద్ధము. అచ్చటి యర్థశాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలలో మాటిమాటికి తేలినదేమనగా, బీదవాడు తన యాదాయములో చీటీలకు వ్యయము చేయు పాలు సంపన్నుడు వ్యయము చేయు పాలుకంటె మిక్కిలి హెచ్చు. క్లాట్‌ఫెల్టరు, కుక్కు అను నిరువురు పండితులు 1989లో ప్రకటించిన గ్రంథమున ప్రభుత్వమునకు మిగులు లాభమును పన్నుగానే యెంచి, అది బీదలపై హెచ్చుగా పడుచున్నదని లెక్కలతో చూపిరి. అనగా సంగ్రహముగా చెప్పవలెనన్న, అంగడి ప్రక్కన నిలిచి చీటి గీకు కూలివాడు, కారులో కళాశాలకు పోవు న్యాయవాది కుమారునికి జీతము కట్టుచున్నాడు.

ఇష్టపడి యిచ్చుచున్నాడు కదా యందురు. ఇష్టమనగా నేమి? మన ఒడంబడికల శాసనములో సమ్మతి యన్న మాటకొక యర్థము కలదు. సరకు గుణమును దాచిపెట్టి సంపాదించిన సమ్మతి నిర్దోషమైన సమ్మతి కాదు. ఆ దేశమున మిక్కిలి ప్రసిద్ధమైన పవరుబాలు అను లాటరీలో పెద్ద బహుమతి వచ్చు నవకాశము 29,22,01,338లో నొకటి. ఈ యంకె చీటివెనుక చిన్నయక్షరములలో దొరకవచ్చును. కాని గోడమీది పెద్దయక్షరములలో నుండునది బహుమతి మొత్తము మాత్రమే. వారమునకొక చీటి చొప్పున కొనువాడు సగటున నొక్కసారి గెలుచుటకు 56 లక్షల సంవత్సరములు బ్రతుకవలెను. ఆడం స్మిత్తు 1776లోనే, ఎన్ని హెచ్చు చీటీలు కొన్న నంత నిశ్చయముగా నష్టము వచ్చునని తర్కించి చూపెను. అన్ని చీటీలు తానే కొన్నవానికి నష్టము తప్పనే తప్పదు గదా! ఈ లెక్క మూడవతరగతి గుణకారముకంటె గొప్పది కాదు. అయినను దీనిని నెమ్మదిగా కూర్చుండబెట్టి ప్రజలకు నేర్పు లాటరీశాఖ యేదియు లేదు. నేర్పిన దాని కొట్టు మూతపడును.

ఇక రెండవ ప్రశ్న. ఈ సొమ్ము నిజముగా బడికి చేరుచున్నదా? కాగితముమీద చేరుచున్నది. తాతగారు మనుమని చదువునకై నెలకు 100 రూపాయలు పంపిరనుకొందము. తండ్రి యంతకుముందు తానిచ్చుచుండిన 100 రూపాయలను తన సొంత వ్యయములకు త్రిప్పుకొని, తాతగారి రూపాయలనే జీతముగా కట్టెను. తాతగారి సొమ్మంతయు చదువునకే పోయెనని రసీదులు చూపవచ్చును. పిల్లవానికి మాత్రము కలిగిన యాధిక్యము శూన్యము. ఫ్లోరిడా మొదలగు రాష్ట్రములలో నిట్లే లాటరీ సొమ్ము వచ్చినచోట, శాసనసభలు సాధారణ నిధినుండి విద్యకిచ్చు పాలును తగ్గించుకొన్నవను నాక్షేపణ బలముగా వెలువడినది. పైగా ఆ సొమ్మెంత? దేశమంతటిలోను లాటరీలవలన రాష్ట్రములకన్నిటికి మిగులునది యేటికి సుమారు 3,000 కోట్ల డాలర్లు. పాఠశాలలకు మాత్రమే యగు వ్యయము 80,000 కోట్ల డాలర్లకు పైమాట. ఉన్నదంతయు బడులకే యిచ్చినను నూటికి నాలుగు పాళ్లు కావు. అయినను సామాన్యుడు, చీటీలవలన నెన్నో కోట్లు వచ్చుచుండగా నింక పన్నేల యని నమ్మును. సొమ్ము కొంచెము, భ్రమ యధికము.

దీనికి సాక్ష్యముగా న్యూ హాంప్‌షైరు చరిత్రయే చాలును. ఈ మార్గమున దేశమంతటికి ముందు నడచిన యా రాష్ట్రమున, లాటరీ మొదలైన 33 సంవత్సరములకు, 1997లో, అచ్చటి సుప్రీముకోర్టు క్లేర్‌మాంటు వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, బడులకు సొమ్ము కూర్చు పద్ధతి రాష్ట్రపు రాజ్యాంగమునకే విరుద్ధమని నిర్ణయించెను. బీద గ్రామమువారు తమ యిండ్లపై హెచ్చు రేటున పన్ను కట్టియు తక్కువ బడి పొందుచుండగా, ధనిక గ్రామమువారు తక్కువ రేటు కట్టి మంచి బడి పొందుచుండిరి. పన్ను వేయుట యను కష్టమైన పనినుండి తప్పించుకొనుటకు చీటి యొక సాకయ్యెను గాని, ఆ పనికి బదులు కాలేదు.

ఇంతవరకు చెప్పినది లెక్కల మాట. లెక్కలను దిద్దుకొనవచ్చును. వేతనములకు మరల ఆదాయపు మితి పెట్టవచ్చును. విద్యానిధికి కంచె కట్టవచ్చును. అన్నియు దిద్దిన తరువాత గూడ మిగులు దోషమొకటి కలదు. అదియే మా ముఖ్యవాదము.

బడి యేమి నేర్పును? కారణము లేక కార్యము పుట్టదని నేర్పును. లెక్క కట్టి చూడుమని నేర్పును. శ్రమకు ఫలముండుననియు, శ్రమలేని ఫలమున కాసపడుట యాత్మగౌరవమునకు కొఱతయనియు నేర్పును. చీటి యేమి నేర్పును? నీ బ్రతుకు మాఱుటకు నీ పని కారణము కానక్కఱలేదు, అంకె చాలునని నేర్పును. ఈ రెండు పాఠములను నొకే గురువు చెప్పుచున్నాడు. పగలు బడిలో పిల్లవానికి మొదటి పాఠము చెప్పి, సాయంకాలము వీధిలో వాని తండ్రికి రెండవ పాఠము చెప్పుచున్నాడు. ఇందలి యసహ్యము మాటలలో నున్న వైరుధ్యము మాత్రము కాదు. పిల్లవాడు మొదటి పాఠమును బాగుగ నేర్చుకొన్నయెడల, పెరిగిన పిమ్మట చీటి కొనడు. కొననిచో బడికి సొమ్ము లేదు. కావున బడి నిజముగా బడియైనచో దాని నిధి యెండిపోవును. నిధి నిండవలెనన్న బడి తన పనిలో నోడిపోవలెను. వైద్యుని జీతము రోగుల రోగము ముదురుటపై నాధారపడినయెడల నా వైద్యమును మనము నమ్ముదుమా? శిష్యుని యజ్ఞానమువలన లాభము పొందు పోషకుని విద్యకు సంరక్షకుడని యెట్లు పిలుతుము?

వ్యాపారమునకు సహజధర్మమొకటి యున్నది. అది నిలువదు, పెరుగవలెను. మొదట పందెములు రెండు. జనులకు విసుగు పుట్టును. వారమునకొకటి యగును, పిదప దినమునకొకటి యగును, పిదప అక్కడికక్కడే గీకి చూచుకొను చీటి వచ్చును, పిదప చేతిలోని ఫోనులోనే యంగడి వెలయును. ప్రకటనలకు సొమ్ము కావలెను. ప్రభుత్వము పొగాకు మానుమని చెప్పుట కలదు, కలుషితజలము త్రాగవలదని చెప్పుట కలదు. తన ప్రజలనే మఱింత పోగొట్టుకొండని పురికొల్పుట కీ వ్యాపారములో తప్ప మఱెక్కడ కలదు? జూదమును సహించు ప్రభుత్వము వేఱు, జూదమును కోరు ప్రభుత్వము వేఱు.

ఈ భేదమును మన పూర్వులు బాగుగ నెఱిగిరి. మనువు, రాజు తన రాజ్యమున ద్యూతమును పూర్తిగా నివారింపవలెనని విధించెను. కౌటిల్యుడట్లు చెప్పలేదు. ఆయన ద్యూతాధ్యక్షుని నియమించి, ఆటనంతను నొక్కచోట జరిపించి, గెలుపులో నూటికి 5 వంతులు రాజునకు తీసికొమ్మనెను. యాజ్ఞవల్క్యస్మృతియు రాజు రక్షణలో జరుగు ద్యూతమును సమ్మతించెను. నేటి లాటరీపక్షమువారికి వీరిరువురు మంచి సాక్షులుగా తోపవచ్చును. కాని వారు చెప్పిన కారణమును కూడ వినవలెను. దొంగలును, చాటుమాటు వృత్తులవారును జూదశాలలకు చేరుదురు గనుక వారిని కనిపెట్టుటకై యాట యొక్కచోట జరుగవలెనని వారి యాశయము. అది కాపలా. ఊరిలోని సంసారులను పిలిచి యాడించి, ఆ రాబడితో గురుకులములు నడపుమని కౌటిల్యుడంతటి యర్థపరుడు కూడ చెప్పలేదు.

భారతకథలో ద్యూతసభను తలచుకొన్నప్పుడు మనము ధర్మరాజు వ్యసనమును నిందింతుము, శకుని కపటమును నిందింతుము. ఆ సభ కట్టించినదెవరు? పిలువనంపినదెవరు? ధృతరాష్ట్రుడు. కీడు మూడునని యెఱిగియు, వలదని వాదించియు, తుదకు రాజాజ్ఞ మీఱలేక యా పిలుపు మోసికొనిపోయినవాడు విదురుడు. ఆడినవాని బలహీనత క్షమింపదగినది కావచ్చును. పెద్దవాడై, తండ్రి స్థానమున నుండి, సభ యలంకరింపజేసి పిలిచినవాని దోషము క్షమింపదగినది కాదు. బుద్ధిమంతులగు నుద్యోగులు లోలోపల నొప్పుకొనకయే నేడు లాటరీశాఖలు నడపుచున్నయెడల వారి స్థితి విదురుని స్థితియే.

మన దేశపు న్యాయస్థానములు గూడ నీ విషయమున స్పష్టముగా పలికినవి. 1957లో చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యమున సుప్రీముకోర్టు, జూదము స్వభావముచేతనే వ్యాపారస్వాతంత్ర్యపు రక్షణకు వెలియైనదని నిర్ణయించెను. అటుపిమ్మట, ప్రభుత్వమే నడపినచో లాటరీ జూదము కాకపోవునా యను ప్రశ్న పుట్టెను. 1999లో బీ.ఆర్. ఎంటర్‌ప్రైజెస్ వ్యాజ్యమున నదే కోర్టు, రాజముద్ర పడినంతమాత్రమున జూదపు స్వభావము మాఱదని తీర్పు చెప్పెను. శాసనము దానికి శిక్ష లేకుండ చేయగలదు; దానిని సద్వృత్తిగా చేయజాలదు.

ఇచ్చట నొక గట్టి ప్రత్యుత్తరము రాగలదు. కేరళము చూడుడందురు. 1967లో నచ్చటి యార్థికమంత్రి పీ.కే. కుంజు పూనికతో రాష్ట్ర లాటరీ స్థాపితమయ్యెను. అది నేటికిని జయప్రదముగా నడచుచున్నది. అంగవైకల్యము గలవారికిని వృద్ధులకును చీటీల యమ్మకము జీవనాధారమైనది. అక్షరాస్యతలో దేశమునకు తలమానికమగు రాష్ట్రమే లాటరీలోను ప్రసిద్ధికెక్కగా, బడికిని చీటికిని వైరమనుట యెట్లు పొసగునని యడుగుదురు. ప్రశ్న సరియైనదే. మా యుత్తరమిది: కేరళపు బడులను కట్టినది చీటి కాదు. తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి, విద్యావ్యయమును రాజ్యమే భరింపవలెనని 1817లో శాసించెను. ఆ తరువాత రాజులును, క్రైస్తవ మిషనరీలును, శ్రీనారాయణగురువువంటి సంస్కర్తలును, ఆయా కులసంఘములును నూఱేండ్లకు పైగా చేసిన కృషిఫలముగా నా బడులు వెలసినవి. లాటరీ పుట్టునాటికి కేరళము చదువుకొనియే యున్నది. చదువు వచ్చినవారు గూడ చీటి కొనుచున్నారనుట నిజమే. ఆశ యక్షరములతో మాత్రమే తీఱునది కాదు. దీనివలన తేలునది బడి పని యింకను పూర్తి కాలేదనియే గాని, బడికి చీటి మిత్రమని కాదు. పొరుగున నున్న తమిళనాడు 1968లో నారంభించిన తన లాటరీని, బీదకుటుంబముల నాశనమును చూచి, 2003లో నిషేధించెను. దానివలన నచ్చటి బడులు మూతపడలేదు.

అయినచో ధనమెట్లు వచ్చును? దీనికి సమాధానము వెదకుటకు మన మమెరికా పోనక్కఱలేదు. మన తెలుగుజిల్లాలు సగము చేరియుండిన పూర్వపు మద్రాసు రాష్ట్రచరిత్రయే చెప్పును. 1919 నాటి సంస్కరణల పిమ్మట విద్యాశాఖయు, కల్లు సారాయిలపై వచ్చు అబ్కారీ రాబడియు మంత్రుల చేతికి వచ్చినవి. బడులు పెంపవలెనన్న త్రాగుడు సొమ్మే గతి యను స్థితి యేర్పడెను. 1937లో మంత్రివర్గము లేర్పడినప్పుడు, మద్యపానమును మాన్పించినచో బడులెట్లు నడచునని యెల్లవారును భయపడిరి. త్రాగుబోతు సొమ్ముతో బిడ్డలకు చదువు చెప్పుట కడు క్రూరమైన విపరీతమని గాంధీమహాత్ముడు వ్రాసెను. చదువుకై త్రాగుడును నిలుపుకొందుమా యని యాయన వేసిన ప్రశ్నకును, చదువుకై జూదమును పెంచుకొందుమా యను నేటి ప్రశ్నకును భేదము పేరులోనే యున్నది. ఆ యేటనే సేలము జిల్లాలోను, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలలోను మద్యనిషేధము నమలు జరిపిరి. పోయిన రాబడికి బదులుగా 1939లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సాధారణ విక్రయపు పన్ను విధించెను. మన దేశమున నిట్టి సాధారణ విక్రయపు పన్నుకు నదియే మొదలు. వర్తకులు గగ్గోలు పెట్టిరి. నిషేధము తరువాత సడలినది, మరల వచ్చినది, పోయినది. ఆ పన్ను మాత్రము నిలిచి, దేశమంతట వ్యాపించి, 2017లో వస్తుసేవల పన్నులో కలియువఱకు రాష్ట్రములన్నిటికి వెన్నెముకయై యుండెను. రాదని తలచిన ధనము వచ్చెను. లేకుండినది ధనము కాదు, అడుగు ధైర్యము.

మఱియొక సంగతి నెల్లూరు జిల్లాకు సంబంధించినది. 1991లో నచ్చట సంపూర్ణాక్షరాస్యతోద్యమము నడచెను. రాత్రిబడులలో నక్షరములు దిద్దుకొన్న కూలి స్త్రీలు, తమ వాచకములోని కథను చదివి, దూబగుంట మొదలగు గ్రామములలో సారా దుకాణములను మూయించుటకు పూనుకొనిరి. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. సారా రాబడి లేనిదే ప్రజాహితకార్యములు నడువవని చెప్పిన ప్రభుత్వమే 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాను నిషేధింపవలసివచ్చెను. చదువు పని చేయుట యనగా నిది. అక్షరము వచ్చిన మఱునాడు స్త్రీలు చేసిన మొదటి లెక్క, తమ యింటి కూలిడబ్బు సాయంకాలమునకు సర్కారు ఖజానాకు పోవుచున్నదను లెక్క. వ్యసనపు రాబడిపై నిలిచిన ప్రభుత్వము నిజమైన విద్యకు భయపడవలసి యుండునని మేము పైన చెప్పిన మాట, దూబగుంటలో ప్రత్యక్షమయ్యెను.

పన్నులు మాత్రము బీదలపై పడవా యని తుదిప్రశ్న. పడును. విక్రయపు పన్నులో నా దోషము కలదు. కాని పన్ను ముఖము దాచుకొనదు. దానిని సభలో ప్రతిపాదింపవలెను, వాదింపవలెను, ఓటు వేయవలెను. ఉప్పునకు బియ్యమునకు మినహాయింపు నీయవచ్చును, విలాసవస్తువులకు రేటు పెంపవచ్చును, ఆదాయము ననుసరించి విధింపవచ్చును. తప్పు చేసిన శాసనసభ్యుని మఱుసటి యెన్నికలో నింటికి పంపవచ్చును. 2004లో మన కేంద్రప్రభుత్వము పన్నులపై నూటికి 2 వంతుల విద్యాసుంకమును విధించెను. అది 2018లో ఆరోగ్యముతో గూడి 4 వంతులయ్యెను. దాని వినియోగమునుగూర్చి యాక్షేపణలుండవచ్చును. కాని ఆ సుంకము కట్టినవాడు, నేనింత యిచ్చితిని, బడి యేదీ యని నిలదీయగలడు. చీటి కొని యోడినవాడు ఎవరిని నిలదీయగలడు? వాడు తన యదృష్టమును తిట్టుకొని యింటికి పోవును. పన్ను పౌరుని పుట్టించును. చీటి యాశాదాసుని పుట్టించును.

1999లో నలబామా రాష్ట్రమున గవర్నరు డాన్ సీగల్‌మను, జార్జియా పద్ధతిని తమ రాష్ట్రమునకు తేవలెనని విద్యాలాటరీని ప్రజల యోటుకు పెట్టెను. బీద రాష్ట్రము, వేతనముల యాశ పెద్దది. అయినను ప్రజలు నూటికి 54 మంది వలదనిరి. వారి కారణములన్నియు మన కారణములు కాకపోవచ్చును. బడి పేరు చెప్పినను ప్రజలు కాదనగలరని మాత్రమా యోటు చూపినది.

మన తెలుగు రాష్ట్రములలో జూదమును నిషేధించు శాసనములున్నవి. ఫోనులలో నాడు పందెములు యువకులను నప్పులలోనికిని ఆత్మహత్యలకును త్రోయుచుండగా, తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను ఆ శాసనములను కఠినపఱచినవి. 2025లో పార్లమెంటు సొమ్ముపందెపు టాన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించు శాసనమును చేసెను. కాని ఖజానా వట్టిపోయిన దినమున, బడుల పైకప్పులు కారుచున్న దినమున, ఎవరో యొకరు మంచి మనస్సుతోనే, విద్యానిధికై లాటరీ పెట్టుదమని సలహా చెప్పుదురు. అప్పుడా సలహాకు తలయూచువారు బీదలు కారు. మనము. ఆస్తిపన్నును, ఆదాయపు పన్నును కట్టవలసినవారము మనమే గనుక, మన భారమును కూలివాని యాశపై మోపు నేర్పాటు మనకు హాయిగా తోచును. ఆ హాయియే మనల నప్రమత్తులను చేయవలెను. తాము కట్టవలసిన పన్నును తగ్గించు ధర్మకార్యమును చూచి సంతోషించుటకు ముందు, దానినెవరు కట్టుచున్నారని యడుగుట విద్యావంతుల కనీసధర్మము.

చదువు దానమని పెద్దలనిరి. దానమునకు మొదటి నియమము దాత తన సొమ్మునే యీయవలెననుట. మన పిల్లలతోపాటు పొరుగువాని పిల్లలకును బడి కావలెనని మనము నిజముగా తలచుచున్నచో, సభలో లేచి పన్ను వేయుడని మనమే యడుగవలెను, వేసినప్పుడు మనమే ముందు చెల్లింపవలెను. పలక కొనిపెట్టుటకు తండ్రిని జూదశాలకు పంపిన కుటుంబములో బిడ్డ నేర్చుకొను మొదటి యక్షరమేదియో ఆలోచింపుడు.